కడపసీమలో క్షామశిశువులు, క్రైస్తవ మిషనులు

కమలాపురము పాపఘ్నీతీరమున నున్న పట్టణము. మద్రాసునుండి రాయచూరువఱకు 1871 నాటికి పూర్తియైన ఇనుపదారి దీని మీదుగానే పోవుచున్నది. 1876-78 నాటి మహాక్షామమున, అనగా జనులు ధాత కరువని చెప్పుకొను విపత్తున, మద్రాసు రేవున దిగిన ధాన్యము ఈ దారినే కడప, బళ్ళారి మండలములకు చేరెను. ధాన్యము వచ్చినను దానిని కొను శక్తి కూలివానికి లేకపోయెను. 1871లో దాదాపు 13.5 లక్షలుగా నున్న కడప మండల జనసంఖ్య 1881 నాటికి 11.2 లక్షలకు తగ్గెను. చచ్చినవారెందరు, వలసపోయినవారెందరు అను విభజనము ఈ లెక్కలలో లేదు. దిక్కులేక మిగిలిన పిల్లల నెవరు సాకిరి, సాకినవారికి ఆ పిల్లలపై గల హక్కేమి అను రెండు ప్రశ్నలే ఈ వ్యాసమునకు విషయము.

మొదట ఒక మాటను విచారింపవలసియున్నది. 'అనాథ' శబ్దమునకు నాథుడు లేనివాడని యర్థము. తెలుగున 'దిక్కులేనివాడు' అన్నను అదియే భావము. తల్లిదండ్రులు చనిపోయినవాడను నియమము ఈ రెండింటను లేదు. ఇంగ్లీషు మాటకు ఆ నియమము ప్రధానము. మిషను నివేదికలు ఆ యింగ్లీషు మాటనే వాడినవి. మనవారు దానిని 'అనాథ' యని తెనిగించిరి. దీనివలన గలిగిన భ్రమ చిన్నది కాదు. కరువున బిడ్డను గంజికేంద్రముకడ విడిచిపోయిన తల్లి జీవించియుండవచ్చును, వానలు కురిసినపిమ్మట తిరిగి రావచ్చును. అట్టి బిడ్డ తెలుగున అనాథయే, ఇంగ్లీషున కాడు.

లండను మిషనరీ సంఘము 1822లోనే కడపలో నిలిచినది. కర్నూలు ప్రాంతమున ముత్యాలపాడు, నంద్యాలలు ఎస్.పి.జి. మిషను స్థానములు. అదే కాలమున కడపలో ఉద్యోగియైన చార్లెస్ ఫిలిప్ బ్రౌను ఉచిత పాఠశాలలు నడపెను. అతని తండ్రి కలకత్తాలో క్రైస్తవ మతాచార్యుడైనను, కుమారుని పాఠశాలలకు మతప్రచారము లక్ష్యము కాలేదు. కావున పరదేశీయుడు చేసిన శిశుసేవ యంతయు మతాంతరీకరణమే యనుట తొందరపాటు.

కాని మిషను పోషణమున పేరుమార్పు ఒకటి కలదు. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున చందా పంపిన దాత తాను పోషించు బాలునికి తనకు నచ్చిన పేరు పెట్టించు ఆచారము పలు మిషనులలో నుండెను. జాఫ్నాలోని అమెరికను మిషను ఇందుకు ప్రసిద్ధము. తమిళపండితుడు ఆర్నాల్డ్ సదాశివం పిళ్ళై పేరు ఆ యాచారపు జాడ. అన్నము పెట్టినవానికి కృతజ్ఞత చూపుట సహజమే. తన పేరే మార్చుకొనవలసి వచ్చుట ఎట్టి కృతజ్ఞతయో పాఠకులే యోచింతురు గాక.

1877లో లండను నగరమున మాన్షన్ హౌసు నిధి వెలసినది. అనాథశిశువుల సంరక్షణము దాని యుద్దేశములలో నొకటి. దూరదేశమున ఎవరో ఎఱుగని బిడ్డకై సామాన్యజనులు డబ్బు పంపుట మన క్షామచరిత్రలో నొక క్రొత్త ఘట్టము. అంతకుమున్ను 1866 కరువున ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలనుండి వేలజనులకు అన్నము పెట్టెను. అతడు తిండి పెట్టెనే కాని యెవ్వరి బిడ్డలను తనవారిగా వ్రాసికొనలేదు.

ఒంగోలులో అమెరికను బాప్తిస్టు జాన్ క్లౌ నడవడి గమనింపదగినది. అతడు బకింగుహాము కాలువపనిలో కొంతభాగమును గుత్తకు తీసికొని కరువుజనులకు కూలి కల్పించెను. సాయము సాగుచున్నంతకాలము బాప్తిస్మములను నిలిపివేసెను. 1878 జూలై 3న ఒక్కదినమున 2,222 మందికి బాప్తిస్మము జరిగినది. వారి నమ్మికను శంకింప నా కధికారము లేదు. అన్నమునకును మతమునకును నడుమ ఎడము ఉండవలెనని క్లౌ స్వయముగా గుర్తించెననుట మాత్రము స్పష్టము. పెద్దవారి విషయమున ఆ యెడము పాటింపవచ్చును. అయిదేండ్ల బిడ్డ విషయమున దానిని పాటించు టెట్లు? వాడు పెరిగిన యింటి మతమే వాని మతమగును. ఈ చిక్కునే 1897 నుండి లాలా లజపతిరాయ్ ఎత్తిచూపి, ఆర్యసమాజము పక్షమున హిందూశిశువుల పోషణమునకు పూనుకొనెను. 1901 నాటి క్షామ విచారణ సంఘము ముందు సాక్ష్యమును ఇచ్చెను. ఆయన వాదమునను బిడ్డ ఏ సమాజమునకు చెందునను ప్రశ్నయే ముందున్నది; బిడ్డ కోరిక వెనుకబడినది.

ఇటీవలి కాలమున రాయలసీమకు వచ్చినవారిలో స్పెయిను దేశీయుడు విన్సెంట్ ఫెర్రర్ ముఖ్యుడు. జెసూటు గురువుగా 1952లో భారతదేశమునకు వచ్చి, 1969లో అనంతపురము చేరి, 1970లో ఆ సంఘమును వీడెను. 2009 జూన్ 19న అక్కడనే మరణించెను. స్పెయినులోని కుటుంబములు ఒక్కొక్క బిడ్డ పేర పంపిన ధనమును ఆయన సంస్థ గ్రామములోని బడికి, నీటికి, వైద్యమునకు వినియోగించినది. బిడ్డ తల్లియొద్దనే యుండెను. ఇది పాత పద్ధతికి పూర్తిగా భిన్నము.

రెండుమూడు వారములకై పరదేశముల శిశుగృహములకు వచ్చిపోవు క్రైస్తవ యువజనుల యాత్రలు వేఱొక జాతివి. పాత మిషనరీ యేండ్లతరబడి యుండి తెలుగు నేర్చెను. వీరికి బిడ్డ పేరు పలుక వచ్చునప్పటికి తిరుగు ప్రయాణ దినము వచ్చును. వీరి సద్భావమును నేను కాదనను. కాని దగ్గరైనవారు మాటిమాటికి విడిచిపోవుట అలవాటైన బిడ్డకు కలుగు నష్టమును శిశువైద్యులు చెప్పుచున్నారు. ఇట్టి గృహములలోని పిల్లలలో పెక్కండ్రకు తల్లియో తండ్రియో జీవించియే యున్నారు. 2018లో ఆస్ట్రేలియా తన దాస్యనిషేధ శాసన సందర్భమున, 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ తన తీర్మానమున ఈ విషయమును పేర్కొనినవి.

ధాత కరువు నివేదికలలో బిడ్డల సంఖ్య యున్నది, ఖర్చు యున్నది, దాతల పేర్లున్నవి. ఆ బిడ్డలు పెద్దవారై తమ యూరు వెదకికొనిరో లేదో ఆ పుటలలో ఎవ్వరును అడుగలేదు.