షట్టరు తాళాలు తెరిచే పని

దుకాణం, గోదాము, ఆఫీసుల తాళంచెవి పోయినా, లోపలే విరిగినా, తుప్పుపట్టి తాళం మొరాయించినా దాన్ని తెరిచిపెట్టే వృత్తిపని ఇది. మన ఊళ్లలో దీన్ని ఎక్కువగా చేసేది బజారు మూలల్లో ఆకురాయి, ఖాళీ చెవుల గుత్తి పెట్టుకుని కూర్చునే డూప్లికేట్ తాళాలవాళ్లే.

షట్టరుకు సాధారణంగా రెండు పక్కలా కప్పతాళాలు, నడుమ సెంటర్ లాక్ ఉంటాయి. వీటిలో ఒక రకం పిన్నుల తాళం. లైనస్ యేల్ జూనియర్ 1861లో పేటెంటు పొందిన ఈ తాళంలో, స్ప్రింగులు నొక్కిపట్టిన పిన్నులన్నీ ఒకే గీతకు వస్తేనే లోపలి గొట్టం తిరుగుతుంది. పనివాడు సన్నటి కడ్డీతో కొద్దిగా తిప్పుడు ఒత్తిడి ఇస్తూ, ఇంకో కొక్కెంతో పిన్నులను ఒక్కొక్కటిగా లేపుతాడు. మరో పద్ధతిలో ఖాళీ చెవిని దూర్చి బలంగా కదిలిస్తాడు. దాని అంచున పడిన సన్నని గుర్తుల దగ్గరే ఆకురాయితో అరగదీసి మళ్లీ దూరుస్తాడు. ఓపిక కావాలి గానీ, తాళం చెడదు, కొత్త చెవి కూడా చేతికొస్తుంది. డ్రిల్లు, గ్రైండరు చివరి మార్గం. మొదటే గ్రైండరు తీసేవాణ్ని నమ్మకపోవడమే మంచిది.

తెరిచేముందు హక్కు రుజువు అడగాలి. చిక్కేమిటంటే, జీఎస్టీ ధ్రువపత్రం చట్టప్రకారం దుకాణంలోనే వేలాడుతుంటుంది. ఫోనులో నకలు, అద్దె ఒప్పందం అప్పుడు అక్కరకొస్తాయి. కోర్టో, పురపాలక సంఘమో, బ్యాంకో సీలు వేసిన తాళాన్ని మాత్రం యజమాని స్వయంగా అడిగినా ముట్టుకోరాదు.