ఇంజిన్‌లోకి నీళ్లు ఎందుకొచ్చాయి?

ఇంజిన్‌లోకి నీళ్లు దిగాయంటే కృష్ణగిరి జిల్లా ఊత్తంగరైలో ఏ మెకానిక్కైనా ముందు హెడ్ గాస్కెట్‌నే అనుమానిస్తాడు. కానీ అవే నీళ్లను కొలతగా, సన్నని తుంపరగా కావాలనే లోపలికి చిమ్మే పద్ధతికి నూరేళ్లు దాటాయి.

1890ల్లో హంగేరీ ఇంజినీరు దోనాత్ బాంకి దీన్ని వాడి చూశాడు. సిలిండర్‌లో గాలిని ఎంత నొక్కితే అంత బలం. అయితే అలా నొక్కినప్పుడు పుట్టే వేడికి పెట్రోలు వేళ కాకుండానే అంటుకుంటుంది. అదే నాకింగ్, ముదిరితే పిస్టన్ కరిగి చిల్లు పడుతుంది. కిలో నీరు ఆవిరవుతూ దాదాపు 2,260 కిలోజౌళ్ల వేడిని లాగేస్తుంది, పెట్రోలు కంటే ఆరు రెట్లు ఎక్కువ. నీళ్లు మండవు, బలమూ ఇవ్వవు. ఇంకొంచెం నొక్కడానికి వీలిస్తాయి, అంతే.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా థండర్‌బోల్ట్ యుద్ధవిమానం ఇంజిన్ ఈ దన్నుతోనే 2,000 నుంచి 2,300 హార్స్‌పవర్‌కు చేరింది. జర్మన్లు నీళ్లలో సగానికి సగం మిథనాల్ కలిపారు, ఆకాశంలో గడ్డకట్టకుండా.

మన దేశంలోనూ దీన్ని విమానంలో వాడారు. మన దేశంలో కూర్చి 1961 నవంబరు 1న కాన్పూర్‌లో తొలిసారి ఎగరేసిన ఆవ్రో 748 విమానానికి డార్ట్ ఇంజిన్లు. ఎండలో గాలి పలచబడి టేకాఫ్‌కు బలం తగ్గితే నీళ్లు, మిథనాల్ చిమ్మి ఆ లోటు పూడ్చేవారు.

కారు దగ్గరికొచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. 1962లో వచ్చిన, టర్బోతో గాలిని నొక్కి పంపే ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌లో ఈ నీళ్లు-మిథనాల్ ద్రవానికి వేరే ట్యాంకు ఉండేది. చాలామంది నింపడం మరిచారు. ట్యాంకు ఖాళీ అయితే టర్బో బలం తగ్గిపోయేది, ఫిర్యాదులు మొదలయ్యేవి. చివరికి కంపెనీయే చాలా కార్లలో టర్బో తీసేసి మామూలు కార్బురేటర్ బిగించింది. లోపం సూత్రంలో లేదు, వాడకంలో ఉంది. 2016లో బీఎండబ్ల్యూ తన ఎం4 జీటీఎస్ కారులో బాష్ పరికరంతో దీన్ని మళ్లీ తెచ్చింది. వేగంగా నడిపినప్పుడు ఇంధనం 13 శాతం దాకా ఆదా అవుతుందని బాష్ చెప్పింది.

నష్టాలూ చిన్నవి కావు. నీళ్లు ఎక్కువైతే మంట ఆరిపోతుంది, ఆయిల్‌లో కలిస్తే బేరింగులు పోతాయి, తుప్పు సరేసరి. కృష్ణగిరి జిల్లా బోరు నీళ్లు అస్సలు పనికిరావు. ఇక్కడి భూగర్భ జలాల ఫ్లోరైడ్ బెడదకే హొగెనక్కల్ తాగునీటి పథకం పెట్టాల్సి వచ్చింది; అలాంటి నీళ్లలోని లవణాలు తుంపర చిమ్మే నాజిల్‌ను పూడ్చేస్తాయి. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటరే పోయాలి.

టర్బో లేని, నాకింగ్ లేని మామూలు బండికి దీనివల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు. మైలేజీ పెంచుతామంటూ ఎవరైనా నీళ్ల కిట్ అమ్మజూపితే ఆ డబ్బుతో రేడియేటర్ శుభ్రం చేయించుకోండి.