సముద్రపు తొట్టిలో పూడిక

న్యూజెర్సీలో మా ఇంటి హాల్లో 75 గ్యాలన్ల ఉప్పునీటి అక్వేరియం ఉంది. వచ్చినవాళ్లు పగడాలనూ చేపలనూ చూస్తారు. నేను మోకాళ్ల మీద కూర్చుని, అద్దానికి ఆనుకున్న ఇసుకను చూస్తాను. పైన అంగుళం మందాన తెల్లగా ఉంటుంది. దాని కింద లేత గోధుమ రంగు, అందులో ఊదా, ఆకుపచ్చ చారలు. చారల మధ్య పురుగులు తొలిచిన వెంట్రుక మందం సొరంగాలు, అక్కడక్కడ ఆవగింజంత గాలిబుడగలు. అడుక్కి పోయేకొద్దీ బూడిద రంగు, చివరికి కాటుక నలుపు. ఆ నలుపును కదిలిస్తే కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. ఈ ఇసుకను ఉంచాలా తీసెయ్యాలా అన్నదాని మీద అక్వేరియం పెంచేవాళ్లు ఎన్నోసార్లు మాట మార్చారు. ఆ మార్పుల్లో కొన్నిటిని నేను నా తొట్టిలోనే అనుభవించాను.

మొదట్లో ఇసుకకు ఏ బాధ్యతా లేదు. 1853లో లండన్ జూలో చేపల ఇల్లు తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ ‘ది అక్వేరియం’ అనే పుస్తకం వేశాక ఇంగ్లండులో ఇంటింటా సముద్రపు తొట్టి పెట్టాలన్న సరదా పుట్టింది. ఆ తొట్లలో ఇసుక సముద్రపు అడుగును తలపించడానికీ, బొరియలు చేసుకునే జీవులకు చోటివ్వడానికీ మాత్రమే. ఇసుకకు అసలు పని ఏమిటో తెలిసింది పొలం మట్టి వల్ల. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా మట్టిలో ఉందని 1890 ప్రాంతంలో రష్యన్ శాస్త్రవేత్త సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ నిరూపించాడు. చేప విసర్జనలోని అమ్మోనియాను విరిచేదీ ఆ జాతి బాక్టీరియాయే. రైతు బిడ్డగా ఈ ఒక్క సంగతి నాకు ఎంతో ఇష్టం.

బాక్టీరియాకు ఇసుకలో ఇల్లు కట్టించే ప్రయత్నం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జోరందుకుంది. తొట్టి అడుగున చిల్లుల పలక పరిచి, దాని మీద పగడపు నూక పోసి, మూలల్లో నిలబెట్టిన గొట్టాల గుండా గాలి ఊది నీటిని పైకి లాగేవాళ్లు. నీరు నూక గుండా కిందికి దిగుతూ శుభ్రపడేది. అమెరికాలో ఉప్పునీటి తొట్లకు ఈ పద్ధతిని ఊరూరా చాటినవాడు ఫ్లోరిడాకు చెందిన రాబర్ట్ స్ట్రాన్. అమ్మోనియా పీడ పోయింది గానీ నైట్రేట్ మిగిలిపోయేది. పలక కింద మడ్డి పేరుకునేది. కొన్నేళ్లకోసారి తొట్టి మొత్తం విప్పి కడగక తప్పేది కాదు.

ఆ రోజుల్లోనే, 1961లో, జకార్తా నుంచి లీ చిన్ ఎంగ్ అనే ఆయన ఒక అమెరికన్ పత్రికలో తన తొట్టి సంగతి రాశాడు. సముద్రంలోంచి తెచ్చిన జీవమున్న రాళ్లు, పగడాలు, కాస్త గాలిబుడగలు, ఇవే ఆయన సరంజామా. చాలామంది పట్టించుకోలేదు. పాతికేళ్ల తర్వాత లోకం ఆయన దారికే వచ్చింది. బెర్లిన్‌లో డీట్రిష్ ష్ట్యూబర్, ఆయన తోటివాళ్లు జీవమున్న రాళ్లకు నురగతో మురికిని లాగేసే స్కిమ్మర్‌ను జతచేసి పగడాలు పెంచారు. వాళ్ల తొట్లలో అడుగు బోడిగానో, ఇసుక పల్చగానో ఉండేది.

ఇసుకకు గౌరవం తిరిగి తెచ్చింది నీస్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ జాఁ జోబేర్. ఆయన అడుగున ఒక జాలీ మీద ఇసుక నిలబెట్టి, కింద అంగుళం మేర ఖాళీ నీటిని వదిలాడు. దాన్నే ప్లీనం అన్నారు. ఇసుక పైపొరలో ప్రాణవాయువు ఉంటుంది, లోపలికి పోతే ఉండదు. అక్కడి బాక్టీరియా నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ను పీల్చుకుని, నైట్రోజన్‌ను గాలిబుడగగా వదిలేస్తుంది. మొనాకో సముద్ర మ్యూజియంలో పగడాలు ఇలా పెరిగాయని తెలిసి 1990లలో అందరూ ఇసుక వైపు తిరిగారు. ఆ తర్వాత మోంటానా నుంచి రాన్ షిమెక్ అనే జంతుశాస్త్రజ్ఞుడు, ఖాళీ అక్కర్లేదు, నాలుగంగుళాలకు పైన సన్నటి ఇసుక, దాన్నిండా పురుగులూ నత్తలూ ఉంటే చాలునన్నాడు. ఇసుకను గెలకొద్దని గట్టిగా చెప్పాడు.

నేను ఈ వ్యసనంలో పడ్డది సరిగ్గా అప్పుడే, 2000లో. పిల్లలు ఆడుకునే ఇసుక పేరుతో ‘సౌత్‌డౌన్’ బస్తాలు ఇక్కడ ఇళ్ల సామాన్ల దుకాణాల్లో దొరికేవి. ఒక్కోటి 50 పౌండ్లు. అది అరగోనైట్ ఇసుక, అంటే పగడమూ ఈ తొట్టీ కోరుకునే సున్నపు జాతిది. ఇసుకలో వెనిగర్ చుక్క వేస్తే బుసబుస పొంగింది. నాలుగు బస్తాలు తెచ్చి, నీరు తేటబడేదాకా బకెట్లలో కడిగి పోశాను. రెండేళ్లలో ఇసుకంతా జీవం. రాత్రి టార్చి వేస్తే వందల పురుగుల మీసాలు పైకి లేచి ఆడేవి.

2002 ప్రాంతంలో గాలి మళ్లీ మారింది. తొట్టిలో భారలోహాలు పేరుకుంటున్నాయని షిమెక్కే రాశాడు. అరగోనైట్ నాచుకు మేతయ్యే ఫాస్ఫేట్‌ను పట్టి దాచుకుని, నిండాక తిరిగి వదులుతుందన్న భయం కూడా తోడైంది. కొందరు ఇసుకంతా ఎత్తిపోసి తెల్లటి ప్లాస్టిక్ పలకలు పరిచారు. 2005లో రాబ్ టూనెన్, క్రిస్ వీ అనే పరిశోధకులు తొట్లు వరసగా పెట్టి కొలిస్తే, ప్లీనం ఉన్నా లేకున్నా పెద్ద తేడా కనపడలేదు.

నా తొట్టిలో నాచు ఆగకుండా పెరుగుతుంటే 2008లో ఒక దుకాణంవాళ్లు ఇసుకంతా ఒక్కరోజులో తీసెయ్యమన్నారు. శనివారం పొద్దున మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి నీళ్లు బొగ్గు కడిగినట్టయ్యాయి. కంపుకు ఇంట్లో ఉండలేకపోయాం. తెల్లారేసరికి ఎనిమిదేళ్ల పసుపు ట్యాంగ్ చేప వెల్లకిలా తేలింది, వారంలో పగడాలు సగం తెల్లబడ్డాయి. అడుగునున్న విషమంతా ఒకేసారి నీళ్లలోకి వచ్చింది. అమ్మోనియాను విరిచే బాక్టీరియాలో చాలా భాగం ఇసుకతోపాటే చెత్తబుట్టకు పోయింది.

ఆ రాత్రి మా నాన్న గుర్తొచ్చారు. వేసవిలో చెరువు ఎండగానే ఆయన బండ్ల మీద చెరువుమట్టి చేలకు తోలేవారు. ఈ ఏడు ఒక మూల తవ్వితే, వచ్చే ఏడు ఇంకో మూల. చెరువులో మట్టి పేరుకుంటుందని ఊళ్లో అందరికీ తెలుసు, దాన్ని చెరువు తప్పుగా ఎవరూ లెక్కకట్టలేదు. తియ్యకుండా వదిలేస్తే చెరువు మైదానమైపోతుందనీ తెలుసు. గెలకొద్దన్నవాళ్లదీ, మొత్తం పారెయ్యమన్నవాళ్లదీ ఒకటే పొరపాటని నా నమ్మకం: ఇసుకను సామానుగా చూశారు. అది నేల. దానికి వయసుంటుంది.

2009లో కొత్త ఇసుక పోశాను. 2021లో దాన్ని మార్చేటప్పుడు తొట్టిని నాలుగు మడులుగా అనుకున్నాను. నీరు మార్చే రోజున సైఫన్ గొట్టం అద్దం అంచున గుచ్చి, ఒక మడి ఇసుకను నీటితోపాటే బకెట్‌లోకి లాగాను. నలుపు పైకి లేచేలోపే గొట్టంలోకి పోయింది. పై అంగుళం తెల్ల ఇసుకను వేరే గిన్నెలో ఉప్పునీటిలోనే ఉంచాను. కొళాయి నీటి క్లోరిన్ తగిలితే అందులోని ప్రాణం పోతుంది. కొత్త ఇసుకను ప్లాస్టిక్ గొట్టంలోంచి మెల్లగా అడుక్కి జార్చి, దాచిన ఇసుకను దాని మీద చల్లాను. మూడు వారాలు అమ్మోనియా కొలిచి, సున్నా చూశాకే రెండో మడి. అంతా ముగిసేసరికి మూడు నెలలు. ఒక్క చేప పోలేదు.

మొన్న విశాఖ నుంచి మా చెల్లెలి కొడుకు ఫోన్ చేశాడు. “మామయ్యా, బీచ్ ఇసుక వేసెయ్యనా? ఊరికే వస్తుందిగా!” అన్నాడు. “వద్దురా నాన్నా. మీ బీచ్‌లో నల్లగా మెరిసేది ఇల్మనైట్, ఎర్రగా ఉండేది గార్నెట్. వెనిగర్ వేసి చూడు, అరగోనైట్‌లా పొంగదు” అన్నాను. పగడపు రాళ్ల జోలికీ పోవద్దని చెప్పాను. 2001లో మన ప్రభుత్వం పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చింది. వాటిని సముద్రంలోంచి తీయడం నేరం.

మీ ఇంట్లో ఉప్పునీటి తొట్టి ఉంటే, ఈ రాత్రి ఒకసారి టార్చి పట్టుకుని అద్దం దగ్గర కూర్చోండి. నలుపు ఎంత ఎత్తుకు వచ్చిందో స్కేలు పెట్టి కొలిచి రాసుకోండి. తీయాల్సి వస్తే పావు వంతే తీయండి, మూడు వారాలు ఆగండి.