41 మంది పేషెంట్లు: ఒకే జబ్బుకు మూడు లెక్కలు

2020 ఫిబ్రవరి, మార్చి నెలలు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఫోన్ తెరిస్తే చాలు, కరోనా వస్తే వందలో ఇంతమంది పోతారట అని ఒక మెసేజ్, అబ్బే అంత లేదు అని ఇంకో మెసేజ్. ఏది నిజం? ఆ లెక్కలు ఎక్కడ మొదలయ్యాయో ఈరోజు చూద్దాం.

చైనాలోని వూహాన్ నగరం. కారణం తెలియని న్యుమోనియాతో వచ్చిన వాళ్లను అక్కడి జిన్‌యింటాన్ ఆసుపత్రికి చేరుస్తున్నారు. 2020 జనవరి 2 నాటికి అలా చేరినవాళ్లలో 41 మందికి కొత్త వైరస్ ఉన్నట్టు ల్యాబ్‌లో తేలింది. వాళ్ల కేసు షీట్లన్నీ ముందు పెట్టుకుని డాక్టర్లు రాసిన పేపర్ జనవరి 24న లాన్సెట్ పత్రికలో వచ్చింది.

అందులో ఏముంది? 41 మందిలో 40 మందికి జ్వరం, 31 మందికి దగ్గు. సగానికి పైగా ఆయాసం. ఆ ఆయాసం మొదటిరోజే రాలేదు, లక్షణాలు కనిపించిన దాదాపు 8 రోజులకు వచ్చింది. అంటే వారం పాటు మామూలు జ్వరంలా నడిచి, ఇక తగ్గిపోతుందిలే అనుకునే టైంకి ఊపిరి అందదన్నమాట. షుగర్, బీపీ లాంటి పాత జబ్బులు ఉన్నవాళ్లు 13 మందే. 13 మందికి ఐసీయూ అవసరమైంది. ఆరుగురు చనిపోయారు. అంటే 15 శాతం.

ఫిబ్రవరి 28న న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఇంకో పేపర్ వచ్చింది. చైనాలోని 552 ఆసుపత్రుల నుంచి 1,099 మంది వివరాలు. చనిపోయింది 15 మంది, అంటే 1.4 శాతం! మార్చిలో మళ్లీ లాన్సెట్‌లో, వూహాన్‌లోని రెండు ఆసుపత్రుల 191 మంది లెక్క. 54 మంది చనిపోయారు, అంటే 28 శాతం.

ఒకే జబ్బు. మరి ఇంత తేడా ఏంటి? ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరిని లెక్కలోకి తీసుకున్నారన్నదే తేడా. మొదటి 41 మంది అప్పటికే న్యుమోనియా వచ్చినవాళ్లు. 1,099 మందిలో 1,029 మంది లెక్క ముగిసేనాటికి ఇంకా బెడ్ల మీదే ఉన్నారు, వాళ్ల కథ పూర్తే కాలేదు. ఆ 191 మంది మాత్రం డిశ్చార్జ్ అయినవాళ్లు, లేదా చనిపోయినవాళ్లు. మధ్యలో ఉన్నవాళ్లు లెక్కలో లేరు. మనకొచ్చిన ఫార్వర్డ్‌లలో శాతం ఉంది గానీ, ఈ ముక్క లేదు.

ఇంకో విషయం. ఆ 1,099 మందిలో ఆసుపత్రిలో చేరేటప్పుడు జ్వరం ఉన్నది 43.8 శాతం మందికే. తర్వాత అది 88.7 శాతానికి చేరింది. షాపు ముందు నుదుటికి పెట్టిన థర్మామీటర్ ఎంతమందిని వదిలేసి ఉంటుందో ఆలోచించండి.

ఎవరికి ప్రమాదమో ఈ పేపర్లు చెప్పాయి. ఏ మందు పనిచేస్తుందో అవి చెప్పలేవు. దానికి పేషెంట్లను లాటరీ తీసినట్టు రెండు గుంపులు చేసి పోల్చాలి. బ్రిటన్‌లో రికవరీ ట్రయల్ అదే చేసింది. 2020 జూన్‌లో తేలిందేంటంటే, డెక్సామెథాసోన్ అనే పాత, చవక మందు వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలను దాదాపు మూడో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం దానితో లాభం కనిపించలేదు. అందరూ ఎగబడ్డ హైడ్రాక్సీక్లోరోక్విన్ అదే ట్రయల్‌లో తేలిపోయింది.

మరి ఆసుపత్రి బయట ఉన్నవాళ్ల సంగతి? ఆ లెక్కలో మనవాళ్ల పాత్ర ఉంది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు సిబ్బంది ఇంటింటికీ తిరిగి 84,965 కేసులతో కలిసిన 5,75,071 మందిని వెతికి పరీక్షలు చేశారు. ఆ పరిశోధన 2020 సెప్టెంబర్ 30న సైన్స్ పత్రికలో వచ్చింది. పాజిటివ్ వచ్చినవాళ్లలో మరణాలు 5 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 0.05 శాతం, 85 దాటినవాళ్లలో 16.6 శాతం. అవే రాష్ట్రాలు, అదే వైరస్. మనవడికి ఒక లెక్క, తాతయ్యకు ఒక లెక్క.

అందుకే ఈసారి ఎవరైనా శాతం చెప్తే ఒక్క ప్రశ్న అడగండి: ఎంతమందిలో, ఎవరిలో? ఆ 41 మంది పేర్లు మనకు తెలియవు. కానీ ఎనిమిదో రోజున జాగ్రత్త అని లోకానికి ముందుగా చెప్పింది వాళ్ల కేసు షీట్లే. మళ్లీ కలుద్దాం.