మొబైల్ క్వార్టర్‌బ్యాక్‌పై రక్షణ వ్యూహాలు (కళాశాల ఫుట్‌బాల్)

అమెరికన్ కళాశాల ఫుట్‌బాల్‌లో బంతిని విసరడమే కాక, తానే బంతి పట్టుకొని వేగంగా పరుగెత్తగల క్వార్టర్‌బ్యాక్‌ను "మొబైల్ క్వార్టర్‌బ్యాక్" అంటారు. ఇటువంటి ఆటగాడిని నిలువరించడానికి రక్షణ జట్లు అనేక వ్యూహాలను అనుసరిస్తాయి. వీటన్నిటికీ మూలం ఒక చిన్న లెక్క. క్వార్టర్‌బ్యాక్ కూడా పరుగెత్తగలిగితే రక్షణ జట్టుకు అలవాటైన సంఖ్యాబలంలో ఒక మనిషి తగ్గుతాడు. ఆ లోటు పూడ్చడానికి మరొకచోటి నుండి ఒకరిని తేవాలి. తెచ్చిన చోట ఖాళీ ఏర్పడుతుంది. అందువలన మూల్యం లేని వ్యూహం ఏదీ లేదు.

నేపథ్యం

ఈ ఆటలో ఒక్కొక్క జట్టు తరఫున 11 మంది ఆడతారు. 10 గజాలు ముందుకు సాగడానికి దాడి జట్టుకు "డౌన్లు" అనే నాలుగు ప్రయత్నాలు ఉంటాయి. క్వార్టర్‌బ్యాక్ దాడి జట్టుకు సారథి. అతడు బంతిని రన్నింగ్‌బ్యాక్‌కు అందించి తాను ఊరకుంటే, ఆ ఇద్దరూ పోగా దారి చేయడానికి 9 మందే మిగులుతారు. వారికి ఎదురుగా 11 మంది రక్షకులు ఉంటారు. క్వార్టర్‌బ్యాక్ తానే పరుగెత్తితే రన్నింగ్‌బ్యాక్ కూడా దారి చేసేవారిలో చేరి వారి సంఖ్య 10 అవుతుంది.

"జోన్ రీడ్" అనే ఎత్తుగడ ఈ లెక్కను మరింత ముందుకు తీసుకుపోయింది. 1990వ దశకపు తొలి సంవత్సరాలలో గ్లెన్‌విల్ స్టేట్ కళాశాల శిక్షకుడు రిచ్ రోడ్రిగ్జ్ దీనిని రూపొందించాడని సాధారణంగా చెబుతారు. ఇందులో వరుస చివర ఉన్న రక్షకుని, అనగా డిఫెన్సివ్ ఎండ్‌ను, ఎవరూ అడ్డుకోరు. అతడు రన్నింగ్‌బ్యాక్ వెంట పడితే క్వార్టర్‌బ్యాక్ బంతిని తన వద్దే ఉంచుకొని అతడు విడిచిన చోటుగుండా పరుగెత్తుతాడు. అతడు కదలకపోతే బంతిని రన్నింగ్‌బ్యాక్‌కు ఇచ్చివేస్తాడు. ఆ రక్షకుడు ఏమి చేసినా తప్పే అవుతుంది.

కళాశాల నియమాల ప్రభావం

* మైదానం వెడల్పు 160 అడుగులు. కళాశాల ఆటలో రెండు హ్యాష్ గీతల నడుమ దూరం 40 అడుగులు కాగా, వృత్తి క్రీడాకారుల ఎన్.ఎఫ్.ఎల్.లో అది పద్దెనిమిదిన్నర అడుగులు మాత్రమే. అందువలన కళాశాల ఆటలో బంతి ఒక గీతపై ఉన్నపుడు ఒకవైపు 60 అడుగులు, మరొకవైపు 100 అడుగులు ఉంటాయి. విశాలమైన ఆ వైపు కాపాడటం కష్టం.
* ముందుకు పాస్ విసిరే లోపు దాడి వరుస ఆటగాళ్ళు కళాశాల ఆటలో 3 గజాల వరకు ముందుకు పోవచ్చు, ఎన్.ఎఫ్.ఎల్.లో ఒక గజమే. కాబట్టి అది పరుగో, పాసో రక్షకులకు వెంటనే తెలియదు.
* క్రీడాకాలంలో విద్యార్థి క్రీడాకారుల సాధన వారానికి 20 గంటలకు పరిమితం. పైగా సాధనలో ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్ పాత్ర పోషించడానికి అంతటి వేగం గల ఆటగాడు స్వంత జట్టులో దొరకడం అరుదు.

ప్రధాన వ్యూహాలు

కంటెయిన్: వరుస చివరి రక్షకులు క్వార్టర్‌బ్యాక్‌ను దాటి లోపలికి దూసుకుపోకుండా, అతడిని కోటగోడలా చుట్టి మధ్యలోనే ఉంచుతారు. దూకుడు తగ్గడం వలన క్వార్టర్‌బ్యాక్‌కు బంతి విసరడానికి ఎక్కువ సమయం చిక్కుతుంది. ఇదే దీని మూల్యం.

స్పై: ఒక లైన్‌బ్యాకర్‌నో, సేఫ్టీనో క్వార్టర్‌బ్యాక్‌కు నీడలా నియమిస్తారు. అతడు ఎటు కదిలితే ఇతడూ అటే కదులుతాడు. ఆ మేరకు పాస్‌లను అడ్డుకునేవారిలో గాని, ఒత్తిడి తెచ్చేవారిలో గాని ఒకరు తగ్గుతారు. స్పై వేగం క్వార్టర్‌బ్యాక్ వేగానికి సరితూగకపోతే ఈ ఏర్పాటు వృథా.

స్క్రేప్ ఎక్స్ఛేంజ్: ఇది జోన్ రీడ్‌కు విరుగుడు. డిఫెన్సివ్ ఎండ్ కావాలనే రన్నింగ్‌బ్యాక్ మీదికి పోతాడు. అది చూసి క్వార్టర్‌బ్యాక్ బంతిని ఉంచుకొని బయటికి పరుగెత్తగానే, అప్పటికే చుట్టు తిరిగి వచ్చిన లైన్‌బ్యాకర్ అతనికి ఎదురవుతాడు. ఆ లైన్‌బ్యాకర్ విడిచిన మధ్యభాగం మాత్రం పలుచబడుతుంది.

జోన్ కవరేజి: ఒక్కొక్క రక్షకుడు ఒక్కొక్క రిసీవర్‌ను వెంబడించే "మ్యాన్" పద్ధతిలో చాలామంది క్వార్టర్‌బ్యాక్‌కు వీపు చూపుతారు, అతడు పరుగు తీసినట్లు వారికి ఆలస్యంగా తెలుస్తుంది. జోన్ పద్ధతిలో రక్షకులు తమ తమ ప్రాంతాలను కాస్తూ బంతినే చూస్తారు. అయితే క్వార్టర్‌బ్యాక్ తప్పించుకు తిరిగే కొద్దీ రిసీవర్లు ఆ ప్రాంతాల నడుమ సందులు కనిపెడతారు.

బ్లిట్జ్: అదనపు రక్షకులను పంపి, పరుగు మొదలుకాక ముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం దీని లక్ష్యం. అలా పడగొట్టడాన్ని "స్యాక్" అంటారు. కళాశాల గణాంకాలలో స్యాక్ వలన కోల్పోయిన గజాలను క్వార్టర్‌బ్యాక్ పరుగు గజాల నుండి తీసివేస్తారు. మొదటి రక్షకుడు గురి తప్పితే వెనుక ఆదుకునేవారు ఉండరు.

చారిత్రక ఉదాహరణలు

1968లో ఎమరీ బెల్లార్డ్ రూపొందించిన "విష్‌బోన్" పద్ధతితో టెక్సాస్ విశ్వవిద్యాలయం వరుసగా 30 ఆటలు గెలిచింది. 1971 జనవరి 1న జరిగిన కాటన్ బౌల్‌లో అరా పార్సీగియన్ శిక్షణలోని నోటర్ డామ్ ఆ జట్టును 24–11 తేడాతో ఓడించింది. విష్‌బోన్ వంటి పద్ధతులను ఎదుర్కొనేటపుడు మధ్యకు దూసుకువచ్చేవానికి ఒకరు, క్వార్టర్‌బ్యాక్‌కు ఒకరు, పక్కకు బంతి అందుకునేవానికి ఒకరు అని ముందే బాధ్యతలు పంచుతారు. ఈ సూత్రం నేటికీ వాడుకలో ఉంది.

2006 జనవరి 4న రోజ్ బౌల్‌లో టెక్సాస్ క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్ సదరన్ కాలిఫోర్నియాపై 200 గజాలు పరుగెత్తి, 267 గజాలు పాస్‌ల ద్వారా సాధించాడు. 19 సెకన్లు మిగిలి ఉండగా నాలుగవ డౌన్‌లో, 8 గజాల దూరం నుండి, విసరడానికి ఎవరూ దొరకక కుడివైపుకు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. టెక్సాస్ 41–38తో గెలిచింది. పాస్‌ను అడ్డుకోవడం ఒక్కటే చాలదని ఈ ఆట చూపింది.

2016 నవంబరు 17న హ్యూస్టన్ విశ్వవిద్యాలయం లూయిస్‌విల్ క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్‌ను 11 సార్లు స్యాక్ చేసి 36–10తో గెలిచింది. అయినప్పటికీ ఆ సంవత్సరపు హైస్మన్ ట్రోఫీ జాక్సన్‌కే దక్కింది.

2023లో ఎల్.ఎస్.యు. ఆటగాడు జేడెన్ డేనియల్స్ ఫ్లోరిడాపై ఒకే ఆటలో 372 గజాలు విసిరి, 234 గజాలు పరుగెత్తాడు. పరుగును ఆపితే పాస్, పాస్‌ను ఆపితే పరుగు అన్న చిక్కు రక్షణ జట్లకు నేటికీ తీరలేదు. శిక్షకులు సాధారణంగా ఒకే వ్యూహాన్ని నమ్ముకోక, ఆట సాగుతుండగా వాటిని మార్చి మార్చి ప్రయోగిస్తారు. ఖాళీని పూర్తిగా పూడ్చలేకపోయినా, అది ఎక్కడ ఉందో క్వార్టర్‌బ్యాక్‌కు ముందుగా తెలియకుండా చేయడమే వారి ఉద్దేశం.

ఇవి కూడా చూడండి

* అమెరికన్ ఫుట్‌బాల్
* క్వార్టర్‌బ్యాక్
* హైస్మన్ ట్రోఫీ