జాజికాయకు వెల బందరు గుడ్డ

మచిలీపట్నంలో వలందపాలెం ఎటు అని అడిగితే ఎవరైనా దారి చూపిస్తారు. పరాసుపేట అన్నా, ఇంగ్లీషుపాలెం అన్నా అంతే. వలందులంటే హాలండు వాళ్లు, అంటే డచ్చివాళ్లు; పరాసులంటే ఫ్రెంచివాళ్లు. భూగోళాన్ని పంచుకోబోయిన మూడు కంపెనీల ఆనవాళ్లు ఒకే ఊళ్లో మూడు పేటల పేర్లై మిగిలాయి.

డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. మూడేళ్లకే, 1605లో, గోల్కొండ సుల్తానుల రేవైన బందరుకు, అంటే ఈ మచిలీపట్నానికే, వచ్చి కొట్టు పెట్టింది. నిజానికి దానికి కావలసిన సరుకు ఇక్కడ లేదు. లవంగం, జాజికాయ, జాపత్రి దొరికేది ఎక్కడో తూర్పున, నేటి ఇండోనేషియాలోని మొలుక్కా దీవుల్లో. జాజికాయ చెట్టయితే ఆ రోజుల్లో బందా అనే చిన్న దీవుల గుంపులో తప్ప మరెక్కడా కాసేది కాదు. ఐరోపా ఉన్నిబట్టలు చూపిస్తే ఆ ఉక్కపోత దీవుల్లో కొనేదెవరు? వాళ్లడిగింది నూలుగుడ్డ; గుజరాతుది, మన కోరమాండల్ తీరానిది. తెల్లవాళ్ల ఓడలు రాకముందే ఆ గుడ్డ మన వర్తకుల ఓడల్లో మలయా రేవులకు వెళ్తూనే ఉంది. డచ్చివాళ్లు కనిపెట్టిందేమీ లేదు, నడుస్తున్న బేరంలో దూరారంతే. 1612లో హెండ్రిక్ బ్రౌవర్ అనే కంపెనీ అధికారి కోరమాండల్ తీరాన్ని మొలుక్కాలకు ఎడమచెయ్యి అన్నాడు.

ఇంగ్లీషువాళ్లు 1611లో ‘గ్లోబ్’ ఓడలో దిగారు. అందులో వర్తకం చూసిన పీటర్ ఫ్లోరిస్ అసలు డచ్చివాడే! కొన్ని గుడ్డలకు అంచున సన్నటి తెల్లచార లేదని మలయా కొనుగోలుదార్లు పెదవి విరిచిన సంగతి అతను దినచర్యలో రాసుకున్నాడు. ఎక్కడో సముద్రం అవతలివాళ్ల ముచ్చట, ఇక్కడి అద్దకంవాడి చేతిలో గీతై తేలాలన్నమాట.

ఆ చేతిపని అంత తేలిగ్గా అయ్యేది కాదు. గుడ్డను ముందు కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాలి. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. తుప్పు ఇనుమునూ బెల్లాన్నీ నీళ్లలో పులియబెట్టి నల్లగీతలు గీయాలి. ఎరుపు కావలసిన చోట పటికనీళ్లు పూసి, ఆపైన చిరివేరు వేసి ఉడకబెట్టాలి. పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. తర్వాత పారే నీటిలో జాడించడం, ఇసుక మీద ఎండబెట్టడం. నీలం కావాలంటే మిగతా గుడ్డంతా మైనం పూసి నీలిమందు తొట్టిలో ముంచాలి. నిజాంపట్నం చుట్టుపక్కల ఇసుక నేలల చిరివేరుకు అంత పేరు రావడానికి కారణం ఆ ఎరుపే: ఉతికేకొద్దీ నిగ్గుతేలేది.

ఇలా తయారైన గుడ్డ పడవల్లో సముద్రంలోకి వెళ్లేది. బందరు దగ్గర నీళ్లు లోతు లేక పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగానే లంగరు వేసేవి.

అయితే కొనడం, అమ్మడం కంపెనీకి చాల్లేదు. జాజికాయ మొత్తం తనకే దక్కాలనుకుంది. 1621లో కంపెనీ గవర్నర్ జనరల్ యాన్ పీటర్సూన్ కూన్ సైన్యంతో బందా దీవుల మీద పడ్డాడు. సుమారు 15,000 మంది జనంలో దీవుల్లో మిగిలింది వెయ్యి మందే అంటారు. మిగతావాళ్లు కొందరు కత్తికి, కొందరు ఆకలికి బలయ్యారు, కొందరు బానిసలయ్యారు, కొందరు పడవలెక్కి పారిపోయారు. తోటలను డచ్చి ఆసాములకు పంచి, బానిసలతో సాగు చేయించారు. మన తీరంలో కరవొచ్చినప్పుడు ఇదే కంపెనీ ఇక్కడి మనుషులను కూడా కొని తూర్పుకు పంపింది. గుడ్డ వెళ్లిన దారినే మనుషులూ వెళ్లారు. బందా దీవుల్లో ఒకటైన రున్‌ను ఇంగ్లీషువాళ్లు 1667లో బ్రెడా ఒప్పందంతో వదులుకున్నారు. అదే ఒప్పందంలో వాళ్లకు ఖాయమైంది ఇప్పటి న్యూయార్కు.

తర్వాత ఐరోపాకే ఈ గుడ్డ పిచ్చి పట్టింది. నరసాపురం దగ్గరి మాధవాయపాలెం పేరు ‘మదపొల్లం’ అయి, ఒక రకం నూలుగుడ్డకు ఐరోపాలో పేరైపోయింది. ఐరోపా నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. 1686లో ఫ్రాన్సు అద్దకపు గుడ్డలను నిషేధించింది. 1700లో ఇంగ్లండు దిగుమతి ఆపింది, 1721లో ఒంటిమీద వేసుకోవడమే నేరం చేసింది.

ఇండోనేషియాలోని సులవేసి దీవి కొండల్లోని తొరాజా జనానికి మాత్రం ఆ పాత గుడ్డలు నేటికీ పూర్వీకుల సొత్తు. మడిచి దాచి, పండగలకూ కర్మకాండలకూ బయటికి తీస్తారు. వాటిలో కొన్ని కోరమాండల్ తీరంలో అద్దినవి. ఎరుపు ఇంకా వెలవలేదు.