బోరింగు, దాని చప్టా

స్వర్ణోత్సవ సంచిక అంటే హెడ్మాస్టర్ల ఫొటోలు, దాతల పేర్లు, మంత్రిగారి సందేశం ఎలాగూ ఉంటాయి. బడి ఆవరణలో మూడు కాళ్ల మీద నిలబడ్డ బోరింగుకూ ఒక పేజీ కావాలన్నాను. ఇచ్చారు.

కాగితాల మీద దాని పేరు ఇండియా మార్క్-2. మా ఊళ్లో ఎవరూ ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు. 1966-67 బీహారు కరువులో గట్టి రాతిని తొలిచే యంత్రాలను యూనిసెఫ్ మన దేశానికి తెచ్చింది. రాయి లొంగింది గాని, పైన బిగించిన పోత ఇనుప పంపులు నిలవలేదు. ఒక ఇంటి వాడకానికని విదేశాల్లో గీసిన నమూనాలవి. ఊరంతా పొద్దస్తమానం కొడితే ఎన్నాళ్లుంటాయి? 1970ల మధ్యలో చూస్తే నాలుగింట మూడు వంతులు మూలపడి ఉన్నాయి. అప్పుడు షోలాపూర్‌లో పుట్టిన ఉక్కు పంపును ఆధారం చేసుకుని కొత్తది రూపొందించారు. కోయంబత్తూరు చుట్టుపక్కల బోర్ల మీద పరీక్షించి, మద్రాసులో తయారీ మొదలుపెట్టారు.

కిటుకంతా తలలోని గొలుసులో ఉంది. పిడి నొక్కితే గొలుసు కడ్డీని నిటారుగా లాగుతుంది, వదిలితే కడ్డీ తన బరువుతోనే దిగుతుంది. పాత పంపుల్లో ఊగి ఊగి అరిగే బోల్టుల చోట ఇందులో బాల్ బేరింగులు. నిమిషానికి 40 సార్లు కొడితే సుమారు 12 లీటర్లు. అడుగున తోలు వాషరు అరిగిందా, పైపులన్నీ బయటికి తీయాల్సిందే. ఆ పూట పాఠాలు ఎవరికి ఎక్కుతాయి!

పంపును అందరూ మెచ్చుకుంటారు, చప్టాను ఎవరూ పట్టించుకోరు. నిజానికి నీళ్లను కాపాడేది అదే. కాళ్లను కదలకుండా పట్టుకుంటుంది, ఒలికిన మురికి మళ్లీ బోరులోకి ఇంకకుండా కాలువలోకి తోలుతుంది. మా దగ్గర సిమెంటు అంచుల వెంట నల్లరాతి బండలు పరిచారు. బిందెల రాపిడికి అవి నున్నబడ్డాయి. పాత బావి గట్టు ఎవరెక్కాలో, ఎవరు దూరంగా నిలబడాలో కులం చెప్పేది. చప్టా మీద వరస ఉండేది, తగాదాలూ ఉండేవి. నా లెక్కలో అది చిన్న మార్పేం కాదు.

రాతి అడుగు నీళ్లన్నీ మంచివని కాదు. ఫ్లోరైడు పీడ 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో బయటపడింది. నల్లగొండ పల్లెలు దానికి ఎముకలతో మూల్యం చెల్లించాయి. ఏటా పరీక్ష చేయించడం అందుకే.

ఇప్పుడు చప్టా పడమటి అంచు బీటలిచ్చింది. ఉత్సవాల డబ్బు మిగిలితే ముందు దాన్ని పూడ్చాలి. గేటుకు రంగులు తరవాత వేసుకోవచ్చు.